ముసలి దొంగ నవ్వాల్సిన షాట్

ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు నా దగ్గరికొస్తే అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మీరు కట్ చేసినవాటిలో బాగా కష్టమైన సీను ఏది?" ఏ ఫైట్ గురించో, ఏ పాట గురించో చెబుతానని ఫోన్లు రికార్డింగులో పెట్టుకుని కూర్చుంటారు. నేను చెప్పేది కొన్ని సెకన్ల షాట్. అందులో ఒక ముసలాయన దోనెలో కూర్చుని నవ్వుతాడు, అంతే. అది వినగానే వాళ్ల ముఖాలు చూడాలి, అనవసరంగా బ్యాటరీ ఖర్చయిందే అన్నట్టుంటాయి. మీకూ అలాగే అనిపిస్తే నేనేం చేయలేను.

ముందు మా సినిమావాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. ఎవరైనా నటుడు చనిపోయే సీను తీశారనుకోండి. కట్ చెప్పగానే అతను లేచి వెళ్లిపోవడానికి వీల్లేదు. అక్కడే లేపి కూర్చోబెట్టి, కెమెరా నడుస్తుండగా ఒకసారి నవ్వమంటారు. చచ్చినట్టు నటించిన మనిషి బతికే ఉన్నాడని కెమెరాకు చూపించడం అన్నమాట. దిష్టి పోతుందని కొందరంటారు, అపశకునం తప్పుతుందని కొందరంటారు. కంప్యూటర్లో రాక్షసుల్ని పుట్టించేవాళ్లు కూడా ఈ షాట్ మానరు. ఆ నవ్వు మిగతా షాట్లతో పాటు ఎడిటింగ్ గదికి వస్తుంది, ఎడిటర్ దాన్ని తీసి పారేస్తాడు. నా ఉద్యోగంలో అలా ఎన్ని నవ్వులు పారేశానో నాకే తెలియదు. రాజులు, విలన్లు, పోలీసులు, కడుపుతో ఉన్న వదినలు, అందరూ చచ్చి నవ్వినవాళ్లే.

ఇక అసలు సంగతి. హైదరాబాదులో గది ఖాళీ చేసి తాడేపల్లిగూడెం వచ్చేసి, రిటైరయ్యానని అందరికీ చెప్పుకుంటున్న రోజుల్లో ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఒకాయన పెంటపాడు రోడ్డులో రైసుమిల్లు యజమాని. రెండో అతను నల్లజర్ల వైపు రైతుల కుర్రాడు, చిన్నప్పటి నుంచి కౌబాయ్ సినిమాలు చూసి చూసి కళ్లు అరగదీసుకున్నవాడు. కుర్రాడు డైరెక్టర్, మిల్లాయన నిర్మాత.

"గుర్రాలు, తుపాకులు, బందిపోట్లు సార్. ఎడారిలో జరుగుతుంది కథ" అన్నాడు కుర్రాడు.

"ఎడారి ఎక్కడి నుంచి తెస్తారు బాబూ?"

"కొల్లేట్లో తీస్తాం సార్."

నేను నవ్వేశాను. మిల్లాయన మాత్రం నవ్వలేదు. "మే నెలలో ఒకసారి వచ్చి చూడండి మాస్టారూ, నీళ్లు లేనిచోట నేల ఎలా ఉంటుందో. రాజస్థాన్ వెళ్లడానికి నా దగ్గర అంత లేదండి" అన్నాడు.

వెళ్లి చూశాను. నీళ్లు వెనక్కి పోయినచోట నల్లమట్టి ఎండి బీటలు వేసి, కనుచూపు మేర చెట్టన్నది లేకుండా పరుచుకుని ఉంది. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, ఇన్నేళ్లూ కొల్లేరంటే నీళ్లూ చేపలే అనుకున్నాను. ఒప్పుకున్నాను. రిటైర్మెంటు సంగతి మా ఆవిడ నాకు గుర్తుచేసింది, నేను వినిపించుకోలేదు.

సినిమా తీయడం ఎలా సాగిందో ఎడిటింగ్ గదిలో కూర్చున్నవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఎందుకంటే అన్ని తప్పులూ చివరికి నా దగ్గరకే వస్తాయి. బందిపోట్ల గుర్రాలు పెళ్లి ఊరేగింపులవి. వాటికి నడక తప్ప పరుగు రాదు. పైగా తుపాకీ చప్పుడు వినగానే అది బాణసంచా అనుకుని కాళ్లు ఎత్తి నాట్యం మొదలుపెట్టేవి. అందుకని ఆ సినిమాలో ఛేజింగులన్నీ గిట్టలు, దుమ్ము, టోపీలు, మళ్లీ గిట్టలు. టోపీలు ద్వారకా తిరుమల కొండమీద, గుండు చేయించుకున్నవాళ్లు కొనుక్కునే దుకాణాల్లో కొన్నవి. వాటి అంచులు వంచి, చేపల చెరువు బురదలో ముంచి ఎండబెట్టారు. రాబందులు కావాలని డైరెక్టర్ ఎంత ఆశపడినా, ఫ్రేములోకి వచ్చినవన్నీ గూడకొంగలే. ఊరివాళ్లను జనంగా పెడితే, బందిపోటు తుపాకీ గురిపెట్టినా "ముందు కూర్చోండి, ఎండలో వచ్చారు" అనేవారు. అది స్క్రిప్టులో లేదు.

కానీ వీటన్నిటి మధ్యా ఒక బంగారం దొరికింది. యూనిట్‌కు మంచినీళ్ల ట్యాంకరు తోలే ట్రాక్టరాయన. అక్కడి లంక గ్రామం మనిషి, అసలు పని చేపల చెరువుల కాపలా, మేత వేయడం. ఎండకు, నీళ్లకు మాగిన ముఖం. ఒక మధ్యాహ్నం ఆయన ట్యాంకరు కుళాయి కింద దోసిలి పట్టి నీళ్లు తాగుతుంటే డైరెక్టర్ చూసి, "నా ముసలి దొంగ దొరికాడు" అని అరిచాడట. ఆయనకు డైలాగులు రావు కాబట్టి ఆ పాత్రను మూగవాణ్ణి చేశారు. బందిపోట్ల నాయకుణ్ణి చిన్నప్పటి నుంచి పెంచిన ముసలి దొంగ. చివర్లో నాయకుడికి తగలాల్సిన తూటాకు అడ్డుపడి, బీటలు వారిన నేలమీద పడి చనిపోతాడు. నాయకుడు టోపీ తీసి ఆయన ముఖం మీద కప్పుతాడు. అక్కడితో సినిమా అయిపోతుంది.

ఆ చావు నేను కంప్యూటర్లో మొదటిసారి చూసినప్పుడు షాట్ ఆపి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. నటన తెలియని మనిషి కాబట్టి ఆయన ఏమీ చేయలేదు. అలసిపోయినవాడు పని ఆపి పడుకున్నట్టు పడుకున్నాడు. నేను ఎడిట్ చేసిన చావుల్లో అంతగా నమ్మించే చావు ఇంకొకటి లేదు.

ఆ సీను తీసింది షెడ్యూలు ఆఖరి రోజున. చావు షాట్ అయిపోతుండగానే ఏలూరు వైపు నుంచి మబ్బు పట్టుకొచ్చి, గాలి లేచి, వాన దిగింది. నల్లమట్టి తడిస్తే ఎలా ఉంటుందో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. జనరేటర్ వ్యాను కూరుకుపోయింది. కెమెరా తడవకుండా తీసుకెళ్లడమే గగనమైంది. మేకప్ చేసే పెద్దాయన "నవ్వే షాట్ తీయలేదు బాబూ" అని డైరెక్టర్ వెనక పరుగెత్తాడట. "రేపు చూద్దాం" అన్నాడు అతను. మర్నాటికి ఆ నేల బురద. వానలు ఆగలేదు, తర్వాత కొల్లేరు నిండింది.

హైదరాబాదులో గది అద్దె భరించలేక మిల్లాయన నాకు మిల్లు పైనే ఒక గది ఇచ్చాడు. కింద ధాన్యం ఆడుతున్నంతసేపూ బల్ల అదిరేది, కీబోర్డు మీద ఊక పడేది. ఒక మధ్యాహ్నం ఆ చప్పుడులో ఒకావిడ మెట్లెక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో స్టీలు క్యారేజీ.

"సినిమా కత్తిరించేది మీరేనాండి?"

"నేనేనమ్మా, రండి."

"మా ఆయన్నండి ముసలి దొంగగా పెట్టింది. ఏలూరు ఆసుపత్రిలో ఉన్నారండి, జొరం."

ఆవిడను కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"చచ్చిపోయినట్టు తీసినాక నవ్వించాలంట కదండీ? మా ఆయన్ని నవ్వించలేదంట కదండీ?"

మేకప్ పెద్దాయన ఆసుపత్రికి చూడటానికి వెళ్లి, అరటిపళ్లతో పాటు ఆ మాట కూడా ఇచ్చి వచ్చాడన్నమాట. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఇవన్నీ వట్టి నమ్మకాలమ్మా, డాక్టర్లేమన్నారు అని అడిగాను.

"టైఫాయిడ్ అన్నారండి. తగ్గిపోతుందన్నారు. తగ్గుతుంది, మళ్లీ వస్తుందండి. నేను ఆ రోజు అక్కడే ఉన్నానండి అన్నయ్యగారూ. ఆయన పడిపోవడం చూశాను. ఇంతలో వానొచ్చింది. ఆయన్ని లేపకుండానే అందరూ సామాన్లు సర్దేసుకున్నారండి. కళ్లు మూసుకుంటే అదే కనపడుతుందండి నాకు."

డైరెక్టర్‌కు ఫోన్ చేశాను. కుర్రాడు మంచివాడు, నల్లజర్ల నుంచి మోటారుసైకిల్ మీద గంట తిరక్కుండా వచ్చాడు. ఈ నమ్మకాలు అతనికి లేవు. కానీ ఆవిడ ముఖం చూశాక వాదించలేదు. ఆయన లేచి తిరగ్గానే వచ్చి తీస్తానని మాటిచ్చాడు.

"పడ్డచోటే లేవాలండి" అంది ఆవిడ.

"అక్కడ ఇప్పుడు నీళ్లున్నాయి కదమ్మా."

"దోనెలు ఉన్నాయి కదండీ."

ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు వెళ్లాం. నాకక్కడ పనేమీ లేదు, ఊరికే వెళ్లాను. వేసవిలో బందిపోట్లు గుర్రాల మీద తిరిగిన నేలంతా గుర్రపుడెక్క, నాచు, నీళ్లు. ఒక దోనెలో ముసలాయన ఒక్కడే, బురద టోపీ, దొంగ చొక్కా వేసుకుని, చిక్కిపోయి కూర్చున్నాడు. ఇంకో పడవలో కెమెరాతో డైరెక్టర్, నేను, కెమెరా పక్కనే ఆవిడ. గట్టు మలుపు చూసుకుని "ఇక్కడేనండి నేను చచ్చింది" అని ఆయనే దోనె ఆపాడు. ఆవిడ గబుక్కున "అనకండి ఆ మాట" అంది.

"నవ్వండి పెద్దాయనా" అన్నాడు డైరెక్టర్.

ఆయన పళ్లు చూపించాడు. ఆధార్ కార్డు ఫోటోలో కూడా మనిషి అంతకంటే హాయిగా ఉంటాడు. డైరెక్టర్ కట్ చెప్పి కెమెరా మూత పెట్టబోయాడు.

"అది నవ్వు కాదండి" అంది ఆవిడ. "మళ్లీ తీయండి."

మళ్లీ తీశాడు, మళ్లీ పళ్లే. ఆయన మా వైపు చూసి, "నాకేం పట్టింపు లేదండి, దానికే భయం. నవ్వు రమ్మంటే వస్తుందేంటండి?" అన్నాడు. అప్పుడు ఆవిడ పడవ అంచు పట్టుకుని ముందుకు వంగి గొంతెత్తింది.

"ఏవండోయ్! ఆ టోపీ పెట్టుకుని చెరువుగట్టు మీద దిష్టిబొమ్మలాగున్నారండోయ్! కొంగలు మిమ్మల్ని చూసే పారిపోతున్నాయి!"

ముసలాయన తల దించుకున్నాడు. భుజాలు కదిలాయి. తల ఎత్తేసరికి ముఖం నిండా నవ్వు. కెమెరా వైపు కాదు, కెమెరా పక్కనున్న ఆవిడ వైపు చూసి నవ్వాడు. డైరెక్టర్ కెమెరా ఆపడం మరిచిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు గట్టు మీద ఆవిడ నన్ను అడిగింది. "ఇది సినిమాలో ఎక్కడ వస్తుందండి?"

"ఇది రాదమ్మా. ఇది శాంతి కోసం తీస్తాం, అంతే. తర్వాత తీసేస్తాం."

ఆవిడ ఆగిపోయింది. "చచ్చిపోవడం లోకమంతా చూడాలి, లేవడం మాత్రం మీరొక్కరే చూసి పారేస్తారాండి?"

ఇన్నేళ్ల పనిలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. ఆచారం ఆచారమే అనుకుని పారేస్తూ వచ్చాను. ఆవిడ మాత్రం దాన్ని పూర్తిగా నమ్మింది కాబట్టి సగంలో ఆపడానికి ఒప్పుకోలేదు.

జ్వరం మళ్లీ రాలేదు. మందుల వల్లే అని నా ఉద్దేశం. ఆవిడ మాత్రం కుదుటపడలేదు. సినిమా విడుదలైతే రోజూ నాలుగు ఆటలు ఆయన చస్తాడు, లేపే దిక్కుండదు అని ఆవిడ భయం. వారానికోసారి మిల్లుకు వచ్చేది. చేపల పులుసు క్యారేజీ బల్లమీద పెట్టి "పెట్టారాండి?" అని అడిగేది. లేదని చెబితే వెళ్లిపోయేది. దబాయింపు లేదు, ఏడుపు లేదు. క్యారేజీ మాత్రం తెచ్చేది.

విషయం తెలిసి మిల్లాయన కంగారుపడ్డాడు. డబ్బు పెట్టినవాడికి శకునాల భయం అందరికంటే ఎక్కువ. "పెట్టేయండి బాబూ, మీకేం పోయింది?" అన్నాడు డైరెక్టర్‌తో.

"సినిమానే పోతుందండి. ఆయన చచ్చిపోయాడని జనం నమ్మి, ఆ బరువుతో బయటికి వెళ్లాలి. వెంటనే దోనెలో కూర్చుని నవ్వితే అంతకుముందు తీసిందంతా అబద్ధమే కదండీ? నా మొదటి సినిమా. రెండోది వస్తుందో రాదో కూడా తెలీదు. దీన్ని ఇలా పాడుచేసుకోమంటారా?"

అతను చెప్పింది తప్పు కాదు. ఎడిటర్‌గా నన్నడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. టోపీ ముఖం మీద పడుతుంది, గాలి చప్పుడు ఆగుతుంది, తెర నల్లబడుతుంది. అంతకంటే మంచి ముగింపు నా చేతుల మీదుగా పోలేదు. పులుసు క్యారేజీ చూస్తే మాత్రం నా పనితనం మీద నాకే చిరాకు వేసేది.

ఆఖరికి డైరెక్టరే దారి చెప్పాడు. పేర్లన్నీ పడిపోయాక, అన్నిటికంటే చివర ఆ షాట్ పెట్టమన్నాడు.

"అప్పటికి హాల్లో ఎవరుంటారు బాబూ?" అన్నాను.

"అందుకే సార్."

మన హాళ్ల సంగతి మీకు తెలుసు. మొదటి పేరు పడీ పడకముందే జనం లేస్తారు, గేటు కుర్రాళ్లు తలుపులు తీసి పరదాలు పక్కకు లాగేస్తారు. మ్యాట్నీ అయితే ఎండ లోపలికొచ్చి తెరమీద ఏమీ కనపడదు. డైరెక్టర్‌కు అది తెలుసు, నాకు తెలుసు. ఆవిడ హాల్లో సినిమా చూసి ఎన్నేళ్లయిందో. చెప్పినచోట షాట్ అతికించాను. తర్వాతి వారం ఆవిడ వచ్చి "పెట్టారాండి?" అంటే "పెట్టామమ్మా" అన్నాను. ఆ రోజు మొదటిసారి ఆవిడ కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగింది.

సినిమా విడుదలైంది. ఆడింది వారమే, అది ముందే చెప్పేస్తున్నాను. విజయవాడలో, హైదరాబాదులో ఎవరూ పట్టించుకోలేదు. ఫోన్లలో రాసేవాళ్లు గూడకొంగల మీద, గుర్రాల మీద బాగా వెటకారాలాడారు. మావైపు మాత్రం మొదటి రోజు జనం బాగానే వచ్చారు. ఏలూరులో మ్యాట్నీకి లంక గ్రామం ఊరంతా చేపల వ్యాన్లు కడిగించుకుని మరీ వచ్చింది. ఆ ఊళ్లలో కట్టుబాటు అలాంటిది, వెళ్తే అందరూ వెళ్తారు. ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మధ్య వరుసలో, పక్కన ఆవిడ. ఆఖరి వరుసలో డైరెక్టర్, మిల్లాయన, నేను.

బందిపోట్లు గుర్రాల మీద దూసుకొస్తుంటే ముందు వరుసలో ఎవడో "ఒరేయ్, మా బావ పెళ్లికొచ్చిన గుర్రంరా అది!" అని కేక వేశాడు. హాలంతా నవ్వు. అక్కణ్ణుంచి ప్రతి గుర్రానికీ ఒక పెళ్లి చెబుతూనే ఉన్నారు. డైరెక్టర్ సీటులో కిందికి జారిపోతూ వచ్చాడు. నాకు అతని వైపు చూడబుద్ధి కాలేదు. ఏళ్ల తరబడి కన్న కల మీద జనం అలా పడి నవ్వుతుంటే ఎవరికైనా కష్టమే.

తర్వాత తూటా పేలింది. ముసలి దొంగ బీటల మీద పడ్డాడు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మధ్య వరుసల్లో ఆడవాళ్లు ఏడవడం మొదలుపెట్టారు. ఒకామె ముందుకు వంగి, తన ముందు సీట్లో బతికున్న ముసలాయన భుజం పట్టుకుని చూసింది. టోపీ ముఖం మీద పడింది, గాలి ఆగింది, తెర నల్లబడింది. హాల్లో ఒక్కరూ దగ్గలేదు. డైరెక్టర్ నా చెయ్యి పట్టుకున్నాడు. అతను కోరుకున్నది అతనికి దక్కింది.

పేర్లు మొదలయ్యాయి. సీట్లు టపటపా లేచాయి. గేటు కుర్రాళ్లు రెండు వైపులా తలుపులు తెరిచారు, ఎండ భళ్లున లోపలికొచ్చింది. జనం కళ్లు తుడుచుకుంటూ తెరకు వీపు పెట్టి కదిలారు. ఆవిడ లేచి ఇటూ అటూ చూసింది. తెరమీద తెల్లగా మాసిపోయిన అక్షరాలు, కదిలిపోతున్న జనం. ఆ నవ్వు పేర్ల తర్వాతే వస్తుందని, అప్పటికి చూసేవాళ్లెవరూ మిగలరని ఆవిడకు ఒక్కసారిగా అర్థమైంది. చీర కొంగు బిగించి మనుషుల్ని తోసుకుంటూ కుడివైపు తలుపు దగ్గరకు పరుగెత్తి, పరదా మూసి, చేతులు చాపి అడ్డం నిలబడింది.

"ఏవండీ! ఎవరూ వెళ్లకండి! మా ఆయన ఇంకా లేవలేదండి!"

గేటు కుర్రాడు "అయిపోయిందండి అమ్మా, దారివ్వండి" అన్నాడు.

"అవలేదు బాబూ. నీకు తెలీదు. ఆగండి, మీ కాళ్లు పట్టుకుంటాను, ఒక్క నిమిషం ఆగండి!"

ఏదో గొడవనుకుని జనం నిలబడిపోయారు. ఎడమవైపు తలుపు మాత్రం తెరిచే ఉంది, అటు నుంచి ఎండ తెరమీద పడుతూనే ఉంది, జనం అటు తిరిగారు. నా పక్కన సీటు చప్పుడైంది. డైరెక్టర్ లేచాడు. సిగ్గుపడి బయటికి పోతున్నాడనుకున్నాను. అతను మెట్లు దిగి, జనానికి ఎదురు వెళ్లి, ఎడమవైపు తలుపులు రెండూ మూసి, వాటికి వీపు ఆనించి చేతులు చాపాడు.

"దయచేసి ఆగండి. ఇంకా ఉంది సినిమా" అన్నాడు.

హాలు మళ్లీ చీకటైంది. ఆఖరి పేరు పైకి పోయింది. నీళ్లు, దోనె, దిష్టిబొమ్మ టోపీ. ముసలి దొంగ తల దించుకున్నాడు, భుజాలు కదిలాయి, తల ఎత్తి నవ్వాడు. ముందు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత లంకవాళ్లలో ఎవరో ఈల వేశారు. అంతే, హాలు హాలంతా చప్పట్లు. ఇస్త్రీ చొక్కా ముసలాయన ఎక్కడ దాక్కోవాలో తెలియక రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

నేను కుడివైపు తలుపు వంక చూశాను. ఆవిడ తెర వైపు చూడటం లేదు. పరదా పట్టుకుని, ముందు నిలబడ్డ మనుషుల ముఖాలు ఒక్కొక్కటే వెతుక్కుంటోంది, అందరూ చూశారా లేదా అని. తెర ఆరిపోయాక పరదా వదిలి పక్కకు జరిగింది.

"చూశారు కదండీ? ఇంక వెళ్లండి."